నాలుగిడ్లీల బిళ్ళ

చంద్రకళకి మొగుడంటే జాలి, పప్పుల కొట్టువాడంటే అనుమానం, గవర్నమెంటంటే ఒళ్ళుమంట. మొదటి రెండూ రోజును బట్టి ఎక్కువ తక్కువలవుతాయి గానీ, మూడోది ఎనిమిదేళ్ళుగా ఒక్క డిగ్రీ దిగలేదు. తెనాలి నిమ్మకాయల యార్డు ఎదురుగా రేకుల షెడ్డులో ఆవిడ టిఫిన్ హోటలు. బోర్డు లేదు, పేరు లేదు. చంద్రకళమ్మ కొట్టు ఎక్కడండీ అంటే చాలు, ఎవరైనా చెప్తారు. పొద్దున ఐదున్నరకి వెళ్ళారనుకోండి, వేడి వేడి ఇడ్లీ దొరుకుతుంది, దాంతోపాటు తిట్లు కూడా వినబడతాయి. కంగారు పడకండి, మిమ్మల్ని కాదు. ఎక్కడో కూర్చుని నోట్లు అచ్చేసేవాళ్ళని, ఇంకెక్కడో కూర్చుని వాటిమీద సంతకాలు పెట్టేవాళ్ళని.

పుట్టింది అంగలకుదురులో, మూడెకరాల మాగాణి ఉన్న ఇంట్లో. పెళ్ళయింది బాపట్ల వైపు సంబంధం, బసవేశ్వరరావుతో. ఆయన మంచివాడే. మంచివాడు అని తప్ప ఆయన గురించి చెప్పడానికి ఇంకేం లేదు కూడా. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఐదోది మర్నాటికి దాచుకునే రకం. అన్నదమ్ములతో కలిసి పెట్టిన బియ్యం కొట్టు మునిగితే, నోరెత్తి నా వాటా ఏదిరా అని అడగలేక బట్టల సంచీతో బయటికొచ్చేశాడు. "సరేలెండి, మీ నోరు కూడా నేనే వాడతాను" అని చంద్రకళ తెనాలి తీసుకొచ్చి యార్డు ఎదురుగా పొయ్యి పెట్టించింది. ఆయన పిండి రుబ్బుతాడు, ఆవిడ వడ్డిస్తుంది. వడ్డన, మాటలు రెండూ ఆవిడవే.

రెండువేల పదహారు నవంబరు దాకా ఆ మాటలు పప్పు ధర మీద, కుళాయి నీళ్ళ మీద ఉండేవి. ఆ నెల ఎనిమిదో తారీఖున ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. చంద్రకళ దగ్గర కొత్త గ్రైండరుకని దాచిన ముప్ఫై ఎనిమిది వేలున్నాయి, అన్నీ ఐదొందల నోట్లే. ఐదు రోజులు బ్యాంకు ముందు నిలబడింది. రోజుకో రూలు. ఇవాళ నాలుగు వేలంటారు, రేపు నాలుగున్నరంటారు, ఎల్లుండి రెండే అంటారు. వేలికి సిరా పూశారు. అన్నీ ఓర్చుకుంది గానీ, చివరికి కౌంటరులో కూర్చున్న కుర్రాడు కళ్ళజోడు పైకెత్తి "ఇంత డబ్బు ఎక్కడిదమ్మా?" అన్నాడు చూడండి, అక్కడ మండింది.

"ఇడ్లీలమ్మితే వచ్చింది నాయనా. ఆ సంతకం పెట్టినాయన్ని అడుగు, నా డబ్బు చెల్లదనే హక్కు ఆయనకెక్కడిదో" అంది. లైనంతా నవ్వింది. ఆ కుర్రాడు తల దించుకుని ఫారం తిప్పి ఇచ్చాడు, గళ్ళు సరిగ్గా నింపలేదని.

నోట్లు ఆగిపోయాయి సరే, పిండి పొంగడం ఆగదు కదా. రోజుకి మూడొందల ప్లేట్ల పిండి పులుస్తోంది, కొనేవాడి చేతిలో చిల్లర లేదు. హమాలీల మేస్త్రి నాగుల్ మీరా తన జట్టుని వెంటేసుకుని వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. యార్డులో ఏ బస్తా కదలాలన్నా ఆయన మాట మీదే కదులుతుంది. అలాంటివాడు బిక్కమొహం వేశాడు. "అమ్మా, పనుంది, కూలుంది. కూలంతా ఐదొందల నోటైపోయింది. తినడానికి లేదు."

"ఆ నోటుతో చేతులు తుడుచుకో తమ్ముడూ. కూర్చో, ముందు తిను" అంది చంద్రకళ.

ఆ మధ్యాహ్నమే పాత సత్తు డేగిశాలు రెండు పట్టుకెళ్ళి లేతు షాపులో గుండ్రటి బిళ్ళలుగా కోయించింది. తన పేరులో మొదటి అక్షరం 'చం' అని ఒక ఇనప అచ్చు చేయించింది. బసవేశ్వరరావు వరండాలో కూర్చుని సుత్తితో ఒక్కొక్కటీ కొట్టాడు. వెయ్యి బిళ్ళలు. ఒక బిళ్ళ ఇస్తే నాలుగిడ్లీలు, చట్నీ, సాంబారు అడిగినంత. యార్డులో షావుకార్లు చంద్రకళకి చెక్కులిచ్చి బిళ్ళలు కొనుక్కున్నారు, హమాలీలకి కూలిలో కొంత బిళ్ళలుగా ఇచ్చారు. వాళ్ళు వచ్చి తిన్నారు. ఎవరి పనీ ఆగలేదు.

వారం తిరిగేసరికి ఏమైందో తెలుసా? పక్క మంగలి కొట్లో బిళ్ళ తీసుకుంటున్నారు. సోడా బండివాడు తీసుకుంటున్నాడు. అంగలకుదురు ఆటోవాళ్ళు తీసుకుంటున్నారు. పొద్దున ఎలాగూ ఇడ్లీ తినాలి కదా, అందుకని. ఊరంతా బ్యాంకుల ముందు ఎండలో మాడుతుంటే చంద్రకళ సత్తు ముక్క తెనాలిలో చేతులు మారుతోంది. ఆ నెల ఆవిడ నడకే మారిపోయింది.

"ఈ నోటు మీద రాసుంటుంది చూడండి, ఇంత ఇస్తానని ప్రమాణం" అని వచ్చినవాడికల్లా పాఠం చెప్పేది. "తీసుకెళ్ళి ఇవ్వమని అడగండి. ఏమిస్తాడు? ఇంకో నోటిస్తాడు! అదేం ప్రమాణమండీ? నా బిళ్ళ తీసుకురండి, నాలుగిడ్లీలు పెడతా. నా చేతిలో అచ్చుంది కదాని నేను తెల్లారేసరికి ఇది చెల్లదంటానా? అచ్చున్నవాడి చేతికి పగ్గం ఉండాలి. పగ్గం లేనివాడి చేతిలో డబ్బు పెట్టడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు."

ఈ పాఠం ఎక్కువగా వినాల్సి వచ్చినవాడు వెంకట్. తెనాలి కుర్రాడే, బాపట్లలో ఏదో బ్యాంకులో ఉద్యోగం, రోజూ రైలుకి వెళ్ళేముందు ఇక్కడే టిఫిను. పాపం, ఆ అబ్బాయి నోట్లు రద్దు చేయలేదు. అయినా బ్యాంకు అనే మాట వాడికి అంటుకుంది కాబట్టి సాంబారు పోసిన ప్రతిసారీ ఒక దెబ్బ తగిలేది.

"కష్టకాలంలో ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి కదండీ పిన్నిగారూ" అనేవాడు మెల్లిగా.

"తీసుకోమను. నా పెట్టెలోది తీసుకోవద్దను."

"సరే, మీ అచ్చుకి పగ్గం ఎవరండీ మరి?"

"నా మాట! వెయ్యి బిళ్ళలు బయటున్నాయి. అవసరమైతే ఇంకో ఐదొందలు కొడతా. పదిహేనొందలకి మించి ఒక్కటి కొట్టినా నా చెయ్యి పడిపోవాలి. చాలా?"

వెంకట్ నవ్వి చెయ్యి కడుక్కున్నాడు. లోపల పిండి రుబ్బుతున్న బసవేశ్వరరావు మాత్రం ఒకసారి తలెత్తి చూశాడు.

కొత్త నోట్లొచ్చాయి, కష్టం తీరింది, బిళ్ళలు పోలేదు. చిల్లర బాధ ఎప్పుడూ ఉన్నదే. పైగా ఇంకో సంగతి జనం కనిపెట్టారు. ఇరవై ఉన్న ప్లేటు ముప్ఫై అయింది, కరోనా తర్వాత నలభై అయింది. ధర పెంచిన ప్రతిసారీ చంద్రకళ రిజర్వు బ్యాంకుని తిట్టి మరీ పెంచింది, వాళ్ళు నోట్లు గుద్దేయబట్టే మినప్పప్పు మండుతోందని. బిళ్ళకి మాత్రం అప్పుడూ నాలుగిడ్లీలే, ఇప్పుడూ నాలుగిడ్లీలే. ఇరవై మూడులో రెండువేల నోటు కూడా వెనక్కి తీసుకుంటున్నామన్నప్పుడు ఆవిడ ఆనందం చూడాలి. "చెప్పానా, చెప్పానా!" అని ఆ రోజు ప్రతి ప్లేటులో ఒక ఇడ్లీ ఎక్కువ వేసింది.

ఈ నాలుగిడ్లీల మర్మం అందరికంటే బాగా పట్టుకున్నది జానీ బీ. యార్డులో నిమ్మకాయలు ఏరుతుంది. పెద్దవొక పక్క, చిన్నవొక పక్క, పండినవొక పక్క. నలభై ఐదేళ్ళుంటాయి. మొగుడు పోయాడు, కొడుకు వాసిం విజయవాడలో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాడు, వాడి సంపాదన వాడికే సరిపోదు. షావుకారు కూలితోపాటు పొద్దున టిఫినుకని ఒక బిళ్ళ ఇస్తాడు. జానీ బీ ఇంట్లో చద్దన్నం తినొచ్చి ఆ బిళ్ళని పాలపొడి డబ్బాలో వేసుకునేది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, రెండేళ్ళ పైచిలుకు.

"అక్కా, బ్యాంకులో వేసినవి అరిగిపోతున్నాయి, నీ బిళ్ళలు మాత్రం బలుస్తున్నాయి" అంది ఒకసారి డబ్బా చూపించి. అప్పటికే ఐదొందల పైన. చంద్రకళ పొంగిపోయింది. "చూశారా, నా మాట మీద ఒక మనిషి బతుకు కట్టుకుంటోంది" అని వెంకట్‌తో చెప్పింది, నాగుల్ మీరాతో చెప్పింది, పాలవాడితో కూడా చెప్పింది.

జానీ బీ కట్టుకుంటున్నది నిజంగా బతుకే. ఒక షావుకారు ఒప్పుకున్నాడు, ఆ బిళ్ళలు నలభై చొప్పున బయానాగా తీసుకుని ఆవిడకి కాయ ఇస్తానని. హమాలీలకివ్వడానికి ఎలాగూ ఆయనకి బిళ్ళలు కావాలి. రేపల్లెలో నాలుగు కొట్లు, బాపట్లలో మూడు కొట్లు మాట్లాడుకుంది జానీ బీ. ఆటోలో కాయ వేసుకెళ్ళి తనే అమ్ముకుంటుంది. ముప్ఫై ఏళ్ళు వంగి ఏరిన నడుముకి, కూర్చుని బేరం చేసే రోజు రాబోతోంది. దసరా తర్వాత మొదలు అనుకుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇరవై నాలుగు వేసవి పోగానే షెడ్డు ఓనరు వచ్చి స్థలం అమ్మేస్తున్నాను, మూడు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. యార్డు పక్క సందు మొగలో పక్కా కొట్టొకటి దొరికింది. అడ్వాన్సు రెండు లక్షలు. చంద్రకళ చేతిలో ఎనభై వేలున్నాయి. వడ్డీకి అడిగితే నూటికి మూడన్నారు. బ్యాంకు లోను ఇప్పిస్తానని వెంకట్ అంటే, చస్తే ఆ గడప తొక్కనంది.

అప్పుడు కనబడింది అచ్చు. మూడు వేల బిళ్ళలు కొట్టి షావుకార్లకి నలభై చొప్పున ముందే అమ్మితే లక్షా ఇరవై. వడ్డీ లేదు, హామీ లేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. సత్తు రేకులు చాలు. ఎంత సుళువో ఆవిడకే ఆశ్చర్యమేసింది.

బసవేశ్వరరావు సుత్తి పక్కన పెట్టాడు. "పదిహేనొందలన్నావు" అన్నాడు.

"నాకు తెలుసులెండి! ఈ ఒక్కసారికే. కొట్టు మారితే రోజుకి ఆరొందల ప్లేట్లు అమ్ముతాం, ఈ మూడు వేలూ ఏమూలకి? జనం బాగుకే కదా, వాళ్ళ టిఫిను ఇక్కడే ఉండాలనే కదా!"

ఆయన కొట్టాడు. ఆ రోజుకి ఆయన మాటలైపోయాయి.

నెల తిరగలేదు, తేడా తెలిసిపోయింది. తినడానికొచ్చిన ప్రతివాడూ బిళ్ళే తీస్తున్నాడు. గల్లా పెట్టెలో నోటన్నది కనబడదు. గ్యాసువాడు నోట్లడుగుతాడు, పప్పుల కొట్టువాడు నోట్లడుగుతాడు. మంగలి అయితే మొహమాటం లేకుండా "రెండు బిళ్ళలిస్తేనే క్షవరం, నా దగ్గర డబ్బా నిండిపోయింది పిన్నీ" అన్నాడు. చంద్రకళ వాడిని దోపిడీదారు అంది, గుంటూరు జిల్లాలో వాడంత ఆశపోతు లేడంది. తను కొట్టిన మూడు వేల సంగతి మాత్రం ఎత్తలేదు.

తర్వాత ఇడ్లీ పాత్ర రేకులు మార్చింది. కొత్తవాటికి గుంటలు చిన్నవి. నాలుగిడ్లీలంటే నాలుగిడ్లీలే, మాట తప్పలేదు! నాగుల్ మీరా ఒకటి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంటమ్మా ఇడ్లీ ఇలా చిక్కిపోయింది? జ్వరమొచ్చి తగ్గిందా?"

"తినే నోరు ఊరికే ఉండదేం! పప్పు ధర తెలుసా నీకు?"

"నాకెందుకు తెలియాలమ్మా. ధరతో పనిలేదు, బిళ్ళకి ప్లేటు అన్నది నువ్వేగా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రోజు ప్లేటు ఖాళీ చేయకుండా లేచాడు.

ఇంకా రెండు వేల పైన బిళ్ళలు ఊళ్ళో తిరుగుతున్నాయి, పప్పుకి డబ్బు లేదు. ఏం చేసిందో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఒక బిళ్ళ మీద 'చం' వంకరగా పడుంది. బసవేశ్వరరావు సుత్తి జారి పడిన వంకర అది, ఆవిడకీ తెలుసు. దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, దొంగ బిళ్ళలొచ్చాయంది. ఎవరో దొంగతనంగా కొట్టి పేదోళ్ళ ఇడ్లీ తినేస్తున్నారంది. గురువారం పొద్దున అట్టముక్క మీద రాసి వేలాడదీసింది. గుండ్రటి బిళ్ళలు ఆదివారం దాకానే చెల్లును. నాలుగు పలకల కొత్త బిళ్ళలు ఇవ్వబడును. మనిషికి ఇరవై. అంతకుమించి ఉన్నవాళ్ళు ఎక్కడివో చెప్పవలెను.

ఆదివారం పొద్దున కొట్టు ముందు లైను. తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని హమాలీలు, ఏరుడు పనికొచ్చే ఆడవాళ్ళు, మంగలి, సోడా బండివాడు. చంద్రకళ బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కడి చేతిలోవి లెక్కపెట్టింది. నాగుల్ మీరా అరవై ఐదు పోశాడు.

"ఇన్నెక్కడివి?" అంది.

"ఎక్కడివంటావేంటమ్మా! నువ్వు కొట్టినవే. నా వీపు మీద బస్తాలెక్కితే వచ్చినవి."

"అందరూ అలాగే అంటారు. దొంగలు కూడా అలాగే అంటారు. ఇరవై తీసుకో."

సెలవురోజు కదాని తీరిగ్గా టిఫినుకొచ్చిన వెంకట్ లైను పక్కన నిలబడి ఇదంతా చూశాడు. "పిన్నిగారూ, రిజర్వు బ్యాంకులో మీకు ఉద్యోగం గ్యారంటీ అండీ" అన్నాడు. చంద్రకళ గరిటె విసిరినంత పని చేసింది. ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది మరి. తగిలిందని ఒప్పుకోడానికి నోరు రాలేదు, అందుకని ఇంకా గట్టిగా అరిచింది.

జానీ బీ అప్పటికి పది రోజులుగా ఊళ్ళో లేదు. రేపల్లెలో అక్కకి ఆపరేషనైతే తోడుండటానికి వెళ్ళింది. ఫోను చేసి చెప్దామా అని నాగుల్ మీరా అనుకున్నాడట. జానీ డబ్బా సంగతి చంద్రకళమ్మకే బాగా తెలుసు కదా, ఆమె విషయంలో అలా చేయదులే అనుకుని ఊరుకున్నాడట. మంగళవారం పొద్దున జానీ బీ రైలు దిగి, ఇంటికి వెళ్ళి డబ్బా తీసుకుని, షావుకారు దగ్గరికి నేరుగా వెళ్ళింది. ఆయన మూత తీసి చూసి మళ్ళీ పెట్టేశాడు. ఇవి చెల్లవట జానీ, ఆవిణ్ణే అడుగు అన్నాడు.

కొట్టులో రద్దీ తగ్గాక వచ్చి బల్ల మీద డబ్బా పెట్టింది. "అక్కా, నాకు తెలియదు. ఊళ్ళో లేను."

చంద్రకళ డబ్బా వైపు చూడలేదు. చూస్తే ఆరొందల నలభై ప్లేట్లు కనబడతాయి. ఇరవై ఐదు వేల ఆరొందలు. కొత్త కొట్టుకి ఇంకా యాభై వేలు కట్టాలి, ఆ యాభై పెట్టెలో ఉంది, శుక్రవారం గడువు. "ఆదివారంతో అయిపోయింది జానీ" అంది. "నీ ఒక్కదానికి ఇస్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? రూలంటే అందరికీ ఒకటే."

"రూలు ఎవరు పెట్టారక్కా?"

"నేనే పెట్టాను. నా బిళ్ళ, నా అచ్చు, నా ఇష్టం!"

"బిళ్ళ నీదే" అంది జానీ బీ. గొంతు పెంచలేదు. "అది నీదే, కాదన్ను. కానీ ఇందులో ఉన్నవి నేను తినని టిఫిన్లక్కా. ఆరొందల నలభై పొద్దులు. నీ ఇడ్లీ వాసన ఇక్కడినుంచి యార్డు దాకా వస్తుంది, తెలుసా? ముక్కు మూసుకుని కాయలేరాను."

చంద్రకళ ఇంకేదో అరిచింది. ఏమరిచిందో ఆవిడకే గుర్తులేదు. జానీ బీ డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళి, ఎప్పటిలాగే గోనె మీద వంగి కూర్చుని కాయలేరడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున ఐదున్నరకి కొట్టు కిటకిటలాడిపోయింది. నాగుల్ మీరా యార్డులో ఒకే ఒక్క మాట అన్నాడట, జానీకే ఇలా చేసినావిడ రేపు ఈ నాలుగు పలకలవి రద్దు చేయదని ఏంటి నమ్మకం అని. అంతే. ప్రతివాడూ ఉన్న బిళ్ళలన్నీ పట్టుకొచ్చాడు. ఒక్కొక్కడు రెండేసి ప్లేట్లు తిని మూడు పొట్లాలు కట్టించుకున్నాడు. గొడవ లేదు, తిట్టు లేదు, బిళ్ళ పెట్టడం ప్లేటు అందుకోవడం. ఏడింటికల్లా పిండి అయిపోయింది. ఇంకా సగం మంది చేతులు చాచి నిలబడే ఉన్నారు. బసవేశ్వరరావు ఖాళీ గిన్నె వంచి చూపించాడు. ఎనిమిదింటికి మంగలి తన దగ్గరున్నవన్నీ తెచ్చి గుమ్మంలో కుమ్మరించి, "సత్తు కొట్లో కిలోకి వేసుకో పిన్నీ" అని వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు ఊళ్ళో చెల్లిన డబ్బు రెండున్నర గంటల్లో పాత సామానైంది.

చంద్రకళ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ముందు వాళ్ళమీద కోపంతోనే ఏడ్చింది. చేసిన ఉపకారం మర్చిపోయారు కుంకలు అనుకుంది. తర్వాత కోపం ఎవరిమీదో తేలక ఏడ్చింది. బసవేశ్వరరావు పక్కనే చతికిలబడ్డాడు. "జానీది ఇచ్చెయ్" అన్నాడు.

"ఇస్తే కొట్టు పోతుంది. కట్టిన అడ్వాన్సు వాడు తిరిగివ్వడు."

"పోనీ."

పెట్టె తీసి ఇరవై ఐదు వేల ఆరొందలు తీసింది. అచ్చు కూడా కొంగులో చుట్టుకుంది. యార్డులోకి వెళ్తే మొదట ఎదురైంది నాగుల్ మీరా. అందరి ముందూ అచ్చు తీసి ఆయన చేతిలో పెట్టబోయింది. "తమ్ముడూ, బుద్ధొచ్చింది. ఇది నీ దగ్గరుంచు. నువ్వు సరేనంటేనే ఒక్క బిళ్ళయినా కొడతాను. నా చేతికి పగ్గం నువ్వే."

నాగుల్ మీరా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకొద్దమ్మా. కూతురి చదువుంది, ఇల్లు కారుతోంది. రేపు నాకూ అవసరమొస్తుంది" అన్నాడు.

జానీ బీ నిమ్మకాయల కుప్ప దగ్గర ఉంది. చంద్రకళ ఎదురుగా గొంతుక్కూర్చుని నోట్లు ఒళ్ళో పెట్టింది. "మొత్తం ఉంది జానీ, చూసుకో. తప్పు నాదే. ఆ నోట్ల రద్దువాళ్ళు నన్ను ఏడిపించినదానికంటే నేను నిన్ను ఎక్కువ ఏడిపించాను. నీ బేరం నువ్వు మొదలెట్టు. మళ్ళీ ఎప్పుడన్నా బిళ్ళ కొడితే, ముందు నిన్నే అడిగి కొడతా. తీసుకుంటావా?"

జానీ బీ నోట్లు చూసుకుని, మడతపెట్టి రవికలో పెట్టుకుంది. పాలపొడి డబ్బా తెచ్చి చంద్రకళ ముందు పెట్టింది. కోపం లేదు ఆ మొహంలో. ఉన్నా బాగుండేది.

"నోట్లే తీసుకుంటానక్కా ఇకనుంచి" అంది. "అవి రద్దు చేసినోళ్ళకి నా మొహం తెలియదు. నీకు తెలుసు."